ఫీజు తీసుకున్నాక జాతీయత అడ్డు చెప్పవచ్చునా?

ప్రశ్న: మాది నరసన్నపేట. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నేనూ, బొబ్బిలిలో ఉండే నా మిత్రుడూ రెండేళ్లుగా స్టీరింగు, పెడళ్లు అమర్చుకొని కంప్యూటర్‌పై కార్ల రేసింగ్ ఆడుతున్నాము. యూరప్‌కు చెందిన ఒక సంస్థ నడిపే ఆన్‌లైన్ రేసింగ్ పోటీకి చెరి 2,400 రూపాయలు కట్టి పేర్లు నమోదు చేసుకున్నాము. ఫారంలో దేశం అన్నచోట నేను భారతదేశం అనీ, మిత్రుడు నేపాల్ అనీ ఎంచుకున్నాము. వాళ్ల నాన్నగారు బొబ్బిలిలో రాత్రి కాపలా పని చేస్తారు, కుటుంబం పౌరసత్వం నేపాల్‌దే. అర్హత రౌండ్లు ముగిశాక ఫైనల్‌కు తీసుకునే 30 మందిలో నాది 14వ స్థానం, అతనిది 22వ స్థానం. ఆ తరువాత "మీ జాతీయత కారణంగా మీరు అనర్హులు, ఫీజు వాపసు ఉండదు" అని మెయిల్ వచ్చింది. షార్జాలో ఉద్యోగం చేసే మా పెదనాన్న కొడుకు కూడా భారతీయుడే. అతన్ని మాత్రం ఆడనిచ్చారు. ఇది చాలదన్నట్టు, మన దేశంలోనే కొందరు నడిపిన మరో ఆన్‌లైన్ పోటీలో ఫీజు కట్టించుకున్నాక "భారతీయులకే" అంటూ నా మిత్రుణ్ణి తొలగించారు. ఇది వివక్ష కాదా? మేము కేసు వేయవచ్చా? వచ్చేసారి షార్జా అన్నయ్య పేరు మీద ఆడమని కొందరు అంటున్నారు. అది తప్పవుతుందా?

జవాబు: నెలల తరబడి రాత్రులు కూర్చొని సాధించిన ల్యాప్ టైము (ట్రాక్‌ను ఒక చుట్టు చుట్టడానికి పట్టే సమయం) చేతిలో ఉండగా, పాస్‌పోర్టు రంగు చూసి పక్కకు పొమ్మనడం ఎవరికైనా కష్టం కలిగించే విషయమే, మీ బాధ న్యాయమైనదే. అయితే మీ లేఖలో రెండు వేర్వేరు ఫిర్యాదులు కలిసిపోయి ఉన్నాయి. జాతీయతను బట్టి తొలగించారన్నది మొదటిది. మీ దేశం పేరు తెలిసి, డబ్బు తీసుకొని, పోటీలో ఆడించి, మీరు గెలిచే స్థానానికి వచ్చాక తొలగించారన్నది రెండోది. మొదటిదానిలో మన చట్టం మీకు ఇచ్చే బలం చాలా తక్కువ, రెండోదానిలో ఎక్కువ. కాబట్టి కేసును రెండోదాని మీదే నిలబెట్టాలన్నది నా సలహా.

మొదటిది ఎందుకు బలహీనమో చెబుతాను. రాజ్యాంగం 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అనే కారణాలతో మాత్రమే వివక్ష చూపరాదని అంటుంది. తెలుగులో 'జాతి' నుంచే 'జాతీయత' వచ్చింది గనుక రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు, కానీ అక్కడ జాతి అంటే వంశపరమైన జాతి, పౌరసత్వం కాదు. పైగా ఆ అధికరణంలోని మొదటి ఖండిక కట్టడి చేసేది ప్రభుత్వాన్ని మాత్రమే. రెండో ఖండిక దుకాణాలు, హోటళ్లు, ప్రజా వినోద స్థలాల విషయంలో ప్రైవేటు వ్యక్తులకూ వర్తిస్తుంది, 'దుకాణం' అన్న మాటకు విస్తృతమైన అర్థం చెప్పుకోవాలని 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు అన్నది కూడా నిజమే. ఆన్‌లైన్ పోటీ వేదికను ఆ కోవలోకి తేవచ్చునని వాదించగలం. అయినా ఆ ఖండికలోనూ జాతీయత అనే కారణం లేదు. 14వ అధికరణం పౌరులకే కాక ప్రతి వ్యక్తికీ సమానత్వం ఇస్తుంది, కానీ దాన్ని ప్రభుత్వం మీదే ప్రయోగించాలి. మన క్రికెట్ బోర్డే రాజ్యాంగపు అర్థంలో ప్రభుత్వం కాదని 2005లో జీ టెలీఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చినప్పుడు, యూరప్‌లోని ప్రైవేటు సంస్థను ఆ చట్రంలోకి లాగడం జరిగే పని కాదు.

ఆ సంస్థ స్వదేశపు చట్టం మిమ్మల్ని కాపాడుతుందా అంటే, అక్కడా ఆశ తక్కువే. జర్మనీలో నివసించే ఒక ఇటలీ పౌరుణ్ణి ఔత్సాహిక పరుగు పోటీల జాతీయ ఛాంపియన్‌షిప్ నుంచి పక్కన పెట్టిన వ్యవహారంలో, తగిన కారణం చూపకుండా అలాంటి నిబంధన పెట్టడం కుదరదని యూరోపియన్ న్యాయస్థానం 2019 జూన్‌లో చెప్పింది. ఆ రక్షణ యూరోపియన్ యూనియన్ పౌరుల కోసం ఏర్పడింది, నరసన్నపేటలో ఉన్న మీకు అది అందదు. బ్రిటన్ 2010 సమానత్వ చట్టం జాతీయతను వివక్ష కారణాలలో స్పష్టంగా చేర్చింది గాని, పోటీ నియమాలు నిర్ణయించే అర్హతకు అదే చట్టంలోని 195వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. దేశాలవారీగా జట్లు కట్టే పోటీలకు ఇలాంటి మినహాయింపు అవసరమే. బహుమతుల మీద ఒక్కో దేశంలో ఒక్కో చట్టం, పన్ను, ఆంక్షలు ఉండటం వల్ల కూడా నిర్వాహకులు అర్హత గల దేశాల పట్టిక పెట్టుకుంటారు. ఆట తెర మీద నుంచి నిజమైన కార్ల రేసింగుకు దారి చూపిన జీటీ అకాడమీ 2008లో యూరప్‌లో మొదలైతే, దానిలో భారతదేశానికి చోటు దొరికింది 2014లోనే. పట్టికలో లేకపోవడం ఒక్కటే చట్టవిరుద్ధం అనిపించుకోదు.

ఇక్కడ మీ షార్జా అన్నయ్య విషయం చాలా ముఖ్యం. అతనూ మీవలె భారత పౌరుడే అయి, అతన్ని ఆడనిచ్చారంటే, ఆ సంస్థ నిబంధనలలో ఉన్నది బహుశా జాతీయత కాదు, నివాసం. ఈ రెండింటికీ చట్టంలో తేడా ఉంది. నియమావళిలో "ఫలానా దేశాలలో నివసించేవారు" అని ఉండి, మీకు వచ్చిన మెయిల్‌లో "జాతీయత" అని ఉంటే, వారు తమ నియమంలో లేని కారణంతో మిమ్మల్ని తొలగించినట్టే. అలాకాక నియమావళిలో జాతీయతే ఉంటే, మీ అన్నయ్యకు ఒక న్యాయం, మీకు ఒక న్యాయం ఎలా జరిగిందో వారే చెప్పుకోవాలి. మీరు పేరు నమోదు చేసుకున్న రోజున ఉన్న నియమావళి ప్రతి ముందుగా సంపాదించండి. తరువాత మార్చిన ప్రతి వేరుగా ఉంటే దాన్నీ దాచండి.

ఇప్పుడు అసలు బలం దగ్గరికి వద్దాము. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 8వ సెక్షన్ ప్రకారం, ప్రతిపాదనలో అడిగిన షరతులు నెరవేర్చడమే దానికి అంగీకారం. దేశం పేరు అడిగి, మీరు భారతదేశం అని నిజం చెప్పగా, ఆ సమాధానాన్ని స్వీకరించి, ఫీజు తీసుకొని, అర్హత రౌండ్లలో ఆడించారంటే మీకూ వారికీ మధ్య ఒప్పందం ఏర్పడినట్టే. పట్టికలో లేని దేశాన్ని ఫారం మొదటి పేజీలోనే తిప్పికొట్టడం వారికి చిటికెలో పని. అది చేయకుండా డబ్బు పుచ్చుకోవడమే ఇక్కడి తప్పు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 'సేవ' నిర్వచనం వినోదాన్ని కలుపుకొంటుంది, డబ్బు చెల్లించి సేవ పొందినవారు వినియోగదారులు, కాబట్టి ఇది సేవా లోపమనీ, అనుచిత వ్యాపార పద్ధతి అనీ ఫిర్యాదు చేయవచ్చు. 2020 ఈ-కామర్స్ నియమాలు భారతదేశంలో స్థాపించని సంస్థ అయినా ఇక్కడి వినియోగదారులకు క్రమంగా సేవలు అమ్ముతుంటే దానికి వర్తిస్తాయి. అందులోని 4వ నియమం ఒకే తరగతి వినియోగదారుల మధ్య వివక్ష చూపరాదనీ, చట్టం ఇచ్చిన వారి హక్కులను దెబ్బతీసే నిరాధారమైన వర్గీకరణ చేయరాదనీ అంటుంది. 'వివక్ష' అన్న మాట మీ వ్యవహారానికి దగ్గరగా నాకు కనిపించిన చోటు ఇదొక్కటే. ఫిర్యాదులో దీన్ని తప్పక ఎత్తి చూపండి, కాకపోతే కేసు మొత్తం దీని మీదనే ఆనించవద్దు.

"నిబంధనలు ఎప్పుడైనా మార్చే, ఎవరినైనా తొలగించే సర్వహక్కులు మావే" అన్న వాక్యం వారు చూపిస్తారు. సరైన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకోగల షరతును 2019 చట్టం అన్యాయమైన ఒప్పందాలలో చేర్చింది. ఐతే ఆ పేరుతో వేసే ఫిర్యాదును వినే అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. 2,400 రూపాయల కోసం అంత దూరం పోవడం కంటే, సేవా లోపం కిందనే జిల్లాలో వేయడం మేలు. వివాదం వస్తే ప్రైవేటు మధ్యవర్తి తీర్పే (ఆర్బిట్రేషన్) మార్గమన్న షరతు ఉన్నా, అది వినియోగదారుల కమిషన్‌కు అడ్డు కాదని 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒక ప్రమాదం గురించి మాత్రం మీరు ముందే తెలుసుకోవాలి, ఎందుకంటే ఎదుటి పక్షం న్యాయవాది పట్టుకునేది దానినే. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం, డబ్బు లేదా ఇతర లాభం ఆశించి ఫీజు కట్టి ఆడే ఆటను, అది నైపుణ్యంతో ఆడేదైనా సరే, డబ్బు ఆటగా నిర్వచించి నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌ను, అంటే క్రీడల్లా పోటీగా ఆడే వీడియో ఆటలను, అందులోంచి మినహాయించి, ప్రవేశ రుసుమునూ, ప్రతిభను బట్టి ఇచ్చే బహుమతినీ అనుమతించింది. కానీ ఆ మినహాయింపు గుర్తింపు పొంది, నమోదైన ఈ-స్పోర్ట్స్‌కే దక్కుతుంది. ఆన్‌లైన్ పందేలను కట్టడి చేయడానికి మన రాష్ట్రం కూడా 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించింది. కనుక "మీ దేశపు చట్టమే మా పోటీని ఒప్పదు, అందుకే తొలగించాము" అని వారు అనవచ్చు. కేంద్ర చట్టం నిర్వాహకులనూ, ప్రకటనకర్తలనూ, చెల్లింపులు నడిపేవారినీ శిక్షిస్తుంది గాని, ఆడినవారిని కాదు. చట్టం ఒప్పదని వారే అంటే, ఆ కారణంతోనే మీ ఫీజు వాపసు చేయాలి కదా అన్నది మన జవాబు, కాంట్రాక్టు చట్టం 65వ సెక్షన్ అందుకు ఆధారం. మీరు ఫీజు కట్టిన తేదీనీ, ఆ నాటికి అమలులో ఉన్న నిబంధనలనూ పక్కపక్కన పెట్టి చూసిన తరువాతే నష్టపరిహారం మాట ఫిర్యాదులో ఎంత గట్టిగా రాయాలో నిర్ణయించుకోవాలి.

నష్టపరిహారం అడగగలిగితే, బహుమతి మొత్తం అడగవద్దు. గెలిచేవారో లేదో ఎవరూ చెప్పలేరు. పోయింది గెలుపు కాదు, గెలిచే అవకాశం. ఆ అవకాశానికీ వెల కట్టవచ్చునని 1911లోనే ఇంగ్లండులో చాప్లిన్ వర్సెస్ హిక్స్ కేసులో తేలింది. నటీమణుల ఎంపిక పోటీలో చివరి 50 మందిలో నిలిచిన ఒకామెకు తుది పరీక్షకు సరైన అవకాశం ఇవ్వనందుకు అక్కడి జ్యూరీ 100 పౌండ్లు ఇప్పించింది. 12 మందికే ఉద్యోగాలు ఉన్నాయనీ, ఆమెకు వచ్చేదని నమ్మకం లేదనీ అన్న వాదన నిలవలేదు. ఆ తీర్పు మన కమిషన్‌ను కట్టిపడేయదు గాని, 14వ స్థానంలో ఉన్న మీ పేరు గల పట్టికకు అది విలువ తెచ్చిపెడుతుంది.

ఆ పట్టిక రేపు సర్వర్‌లో ఉండకపోవచ్చు. ఈ రోజే స్క్రీన్‌షాట్లు తీయండి. ఫారం, రసీదు, ల్యాప్ టైములు, మెయిల్, రీప్లే ఫైలు అన్నీ తీసి పెట్టుకోండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జత చేయాలి. దానిలో మీరు నింపే భాగం ఒకటి, నిపుణుడు నింపే భాగం ఒకటి ఉంటాయి. ఆ తరువాత సంస్థ ఫిర్యాదుల అధికారికి మెయిల్ రాయండి. 48 గంటల్లో అందినట్టు చెప్పడం, నెలలో పరిష్కరించడం ఈ-కామర్స్ నియమాల ప్రకారం వారి బాధ్యత. అదే సమయంలో, కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో చార్జ్‌బ్యాక్, అంటే ఆ చెల్లింపును వెనక్కి తిప్పించడం, అడగండి. దీన్ని ముందుగా చెప్పడానికి కారణం ఉంది. జిల్లా కమిషన్ మీకు అనుకూలంగా ఉత్తర్వు ఇచ్చినా, ఇక్కడ కార్యాలయం గాని ఆస్తి గాని లేని విదేశీ సంస్థ నుంచి వసూలు చేయడం చాలా కష్టం, బ్యాంకు ద్వారా డబ్బు తిరిగి రావడం దానికంటే తేలిక. ఆ పోటీకి మన దేశంలో అమ్మకాలు సాగించే ప్రాయోజక సంస్థ ఉండి, ఫీజు వసూలులో దానికి పాత్ర ఉంటే, దానినీ ప్రతివాదిగా చేర్చే విషయం ఆలోచించవచ్చు.

ఫిర్యాదు వేయడానికి యూరప్ వెళ్లనక్కరలేదు. 2019 చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటనే వేయవచ్చు, అంటే మీరు శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లో వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు గనుక రుసుము లేదు. న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. ముందు రాజీకి ప్రయత్నించాలనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. గడువు రెండేళ్లు, దాన్ని ఆ మెయిల్ అందిన తేదీ నుంచి లెక్కపెట్టుకోండి.

అన్నయ్య పేరు మీద ఆడమన్న సలహాను దయచేసి వినవద్దు. ఇప్పటి వరకు మీ చేతిలో ఉన్న గొప్ప ఆస్తి, ఫారంలో మీరు నిజం రాశారన్న విషయం. అబద్ధపు పేరుతో గాని, వీపీఎన్ పెట్టి వేరే దేశంలో ఉన్నట్టు చూపి గాని ఆడితే, మోసంతో పొందిన సమ్మతి కింద ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు వారికి వస్తుంది. బహుమతి డబ్బు కూడా చేరితే అది క్రిమినల్ వ్యవహారంగా మారే అవకాశం ఉంది. న్యాయంగా ఆడుతున్న మీ అన్నయ్య ఖాతా కూడా పోతుంది.

ఇక మీ మిత్రుని సంగతి. మన దేశంలో జరిగిన పోటీ భారత జట్టును ఎంపిక చేసేదైతే, భారతీయులకే అనడం సబబే. దానిపై వాదించడానికి ఏమీ లేదు. కేవలం బహుమతి కోసం నడిచిన బహిరంగ పోటీ అయితే, 15వ అధికరణం పౌరులకు మాత్రమే గనుక అది అతనికి ఉపయోగపడదు. 14వ అధికరణం ప్రతి వ్యక్తికీ ఉంది. నిర్వాహకులు ప్రభుత్వ శాఖో, ప్రభుత్వ విశ్వవిద్యాలయమో అయితే దాని కింద హైకోర్టును ఆశ్రయించవచ్చు. నేపాల్ పౌరులకు నివాసం, ఆస్తి, వ్యాపారం, రాకపోకల విషయాల్లో మన పౌరులతో సమానమైన సదుపాయాలు ఇస్తామని 1950 ఒడంబడిక 7వ అధికరణంలో భారతదేశం మాట ఇచ్చింది. ఆ మాట నేరుగా ప్రైవేటు నిర్వాహకుని మీద కేసుకు ఆధారం కాకపోయినా, మీ మిత్రుడు ఇక్కడ పరాయివాడు కాడని చెప్పడానికి పనికొస్తుంది. నిర్వాహకులు ప్రైవేటువారైనా సరే, ఫీజు కట్టించుకొని తొలగించారు గనుక అతను కూడా వినియోగదారుడే. వినియోగదారుల చట్టం ఫిర్యాదుదారుని పౌరసత్వం అడగదు, 'వ్యక్తి' అని మాత్రమే అంటుంది. యూరప్ పోటీ మీద ఒకటి, ఈ పోటీ మీద ఒకటి, రెండు ఫిర్యాదులూ బొబ్బిలి నివాసిగా విజయనగరం జిల్లా కమిషన్‌లో అతని పేరు మీదనే వేయవచ్చు. దానికి అతను నేపాల్ పౌరుడన్న సంగతి దాచవలసిన అవసరమేమీ లేదు.