ఆస్పత్రి సాఫ్ట్‌వేర్: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగం మానేసి ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ చేస్తానంటున్నాడు. సెర్నర్ కంపెనీ పెట్టిన నీల్ ప్యాటర్సన్ తనకు ఆదర్శమంటాడు. ఎవరాయన? ఎట్లా పైకొచ్చాడు?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: ప్యాటర్సన్ అమెరికాలోని ఓక్లహోమాలో వ్యవసాయ కుటుంబంలో పెరిగారు. ఎంబీఏ చేసి ఆర్థర్ ఆండర్సన్ సంస్థలో కన్సల్టెంటుగా చేరారు. 1979లో తోటి ఉద్యోగులు క్లిఫ్ ఇల్లిగ్, పాల్ గోరప్‌తో కలిసి కాన్సస్ సిటీలోని ఒక పార్కులో బల్ల ముందు కూర్చుని కంపెనీకి రూపం ఇచ్చారు.

మీ అబ్బాయి గమనించాల్సిన సంగతి ఆ తర్వాతిది. వాళ్లు మొత్తం ఆస్పత్రిని ఒకేసారి భుజాన వేసుకోలేదు. మొదటి సరుకు 'పాత్‌నెట్' కేవలం ల్యాబ్ కోసం చేసింది. ల్యాబ్ పనికి మొదలూ తుదీ స్పష్టంగా ఉంటాయి: శాంపిల్ వస్తుంది, అంకె బయటికి పోతుంది, ఆ అంకె కోసం ప్రతి డాక్టరూ ఎదురుచూస్తాడు. అక్కడ నమ్మకం కుదిరితే మిగతా విభాగాల తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. కంపెనీ 1986లో షేర్ మార్కెట్‌కు వెళ్లింది. 2017లో ప్యాటర్సన్ కన్నుమూశారు. 2022లో ఒరాకిల్ సుమారు 2,800 కోట్ల డాలర్లకు సెర్నర్‌ను కొన్నది. అదే 1979లో జుడిత్ ఫాక్‌నర్ మాడిసన్ పట్టణంలో ఇదే రంగంలో ఎపిక్ కంపెనీ మొదలుపెట్టారు. ఆమె ఇప్పటికీ షేర్లు మార్కెట్లో పెట్టలేదు. దారులు వేరైనా ఇద్దరికీ పట్టింది దశాబ్దాలు. ఇంట్లో ఈ మాట ముందే మాట్లాడుకోండి.

ఆయనలో అనుకరించకూడనిదీ ఉంది. 2001లో పొద్దున ఎనిమిదింటికి పార్కింగ్ ఖాళీగా ఉంటోందని మేనేజర్లకు కోపంగా రాసిన ఈమెయిల్ బయటికి పొక్కి కంపెనీ షేరు పడిపోయింది. ఇంకో ముఖం కూడా చెప్పాలి. భార్య జీన్‌కు క్యాన్సర్ వచ్చినప్పుడు ఆమె తన రికార్డులను సంచుల్లో పెట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరగాల్సి వచ్చింది. రికార్డుల కంపెనీ యజమాని ఇంట్లోనే ఆ పరిస్థితి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ముందు ఎక్స్‌రే కవర్లు చంకన పెట్టుకుని నిలబడేవాళ్లను చూస్తే ఆ పని ఇక్కడ ఇంకెంత మిగిలి ఉందో తెలుస్తుంది.

ప్రశ్న: 30 పడకల నర్సింగ్ హోం మా మొదటి కస్టమర్. ముందు ఏం చేయాలి? ఎక్కడ దెబ్బ తింటాం?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: కోడ్ రాయకముందే వారం రోజులు రిసెప్షన్‌లో, ల్యాబ్‌లో కూర్చోండి. రాత్రి డ్యూటీ కూడా చూడండి.

రిజిస్ట్రేషన్‌లో మొదటి చిక్కు పేషెంటు గుర్తింపు. ఒకే ఫోన్ నంబరును ఇంటిల్లిపాదీ ఇస్తారు, కాబట్టి దాన్ని గుర్తింపుగా వాడకండి. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, వయసు కలిపి వెతికే వీలుండాలి. పెద్దవాళ్లు పుట్టిన తేదీ చెప్పరు, "అరవై ఉంటయి" అంటారు. వయసుతోపాటు ఆ రోజు తేదీ కూడా దాచండి, లేకపోతే ఐదేళ్ల తర్వాత కూడా చిట్టీ మీద అరవయ్యే పడుతుంది. జిల్లా పేరు ఇంకో గండం. 2016లో జిల్లాలు విడిపోయాయి. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. పాత రికార్డులో 'వరంగల్' అంటే ఏ వరంగల్? ఊరిని, మండలాన్ని ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో (ఊళ్లకు, మండలాలకు నంబర్లిచ్చిన జాబితా) ఉన్న కోడ్‌తో దాస్తే ఈ గొడవ ఉండదు.

ఓపీ ఫీజు ఎన్ని రోజులు చెల్లుతుంది, ఎన్ని రివ్యూలు ఉచితం అన్నది ఒక్కో డాక్టరుకు ఒక్కో తీరు. దాన్ని కోడ్‌లో కట్టేయకండి, సెట్టింగ్‌లో పెట్టండి.

ఇక ల్యాబ్. సెల్ కౌంటర్ (రక్తకణాలు లెక్కపెట్టే మెషీన్) ప్లేట్‌లెట్లను వేలల్లో పంపుతుంది. 42 అంటే 42 వేలు. మన డాక్టర్లు చదివేది లక్షల్లో, అంటే రిపోర్టులో 0.42 రావాలి. 100తో భాగించాల్సిన చోట పొరపాటున 10తో భాగిస్తే 4.2 లక్షలు అని పడుతుంది. అది నార్మల్‌గా కనిపిస్తుంది, డెంగీ పేషెంటును ఇంటికి పంపేస్తారు. అందుకే కొత్త మెషీన్ కలిపిన ప్రతిసారీ 9, 42, 410 లాంటి మూడు విలువలను మెషీన్ తెర మీదా, ప్రింటు కాగితం మీదా పక్కపక్కన పెట్టి డాక్టరుతో సంతకం చేయించుకోండి. ఈ ఒక్క పని మాత్రం ఎంత తొందరున్నా వదలొద్దు.

చాలా మెషీన్లు సీరియల్ కేబుల్‌తో మాట్లాడతాయి. బాడ్ రేటు, అంటే డేటా పంపే వేగం (తరచూ 9600), రెండు వైపులా ఒకటే ఉండాలి. కొత్త కంప్యూటర్లకు ఆ పోర్టు ఉండదు కాబట్టి యూఎస్‌బీ కన్వర్టర్ పెడతాం. ఊడ్చేటప్పుడు ఎవరో దాన్ని పీకి పక్క రంధ్రంలో పెడితే కంప్యూటర్ దానికిచ్చిన కామ్ పోర్టు నంబరు మారి రిజల్ట్స్ ఆగిపోతాయి. మీకు వచ్చే అర్ధరాత్రి ఫోన్లలో ఇదొకటి. కన్వర్టర్‌కూ రంధ్రానికీ ఒకే రంగు టేపు అంటించండి. శాంపిల్ నంబరు రోజూ ఒకటి నుంచి మొదలుపెడితే నిన్నటి 17 రిపోర్టు ఇవాళ్టి 17కు పోతుంది. తేదీ కలిపిన నంబరు బార్‌కోడ్‌గా అంటించాలి.

రెఫర్ చేసినవాళ్ల కమీషన్ లెక్కకు ఒక కాలమ్ పెట్టమని అడగవచ్చు. పెట్టకండి. రెఫరల్‌కు కమీషన్ ఇవ్వడం, తీసుకోవడం వైద్య నీతి నియమాలు నిషేధించిన పని.

ప్రశ్న: ధర చెప్పేటప్పుడు జీఎస్టీ ఎట్లా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: సాఫ్ట్‌వేర్‌ మీద 18 శాతం. వైద్య సేవలకు మినహాయింపు ఉండటంతో ఆ మేరకు ఆస్పత్రి ఈ పన్నును తిరిగి తీసుకోలేదు, అది దానికి ఖర్చే. 30 వేలు అని చెప్పి 35,400 బిల్లు ఇస్తే మొదటి రోజే తగాదా. పన్నుతో కలిపిన ధరే చెప్పండి. మీ సేవల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటేవరకు మామూలుగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మెడికల్ షాపు భాగంలో పన్ను రేటును తేదీతో కట్టండి. 2025 సెప్టెంబరు 22న చాలా మందులు 12 నుంచి 5 శాతానికి దిగాయి. 20న కొన్న స్ట్రిప్పును 25న వాపసిస్తే పాత రేటుతోనే లెక్క తేలాలి.

ప్రశ్న: ఆభా నంబరు తప్పనిసరా? సర్వరు ఆస్పత్రిలోనే పెట్టాలా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఆభా అంటే కేంద్ర ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతాకు ఇచ్చే 14 అంకెల నంబరు. తీసుకోవడం పేషెంటు ఇష్టం. అది లేదని చిట్టీ ఆపకూడదు. కలపాలంటే ముందు ప్రభుత్వ శాండ్‌బాక్స్‌లో (ప్రయోగాలకు పెట్టిన నమూనా సిస్టమ్) పరీక్షించి మూడు మెట్లు దాటాలి: ఆభా సృష్టి, మీ రికార్డులు పంచడం, ఇతరుల రికార్డులు అనుమతితో చూడటం. చిన్న ఆస్పత్రికి మొదటి మెట్టుతో మొదలుపెట్టడం మంచిది.

సర్వరు సంగతికొస్తే, నెట్ పోయినా బిల్లు ఆగకూడదంటే లోపల ఒకటి, రోజూ రాత్రి బయటికి ఒక కాపీ. ఆ కాపీ నెట్‌వర్కుకు అతుక్కుని ఉండకూడదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దాడి జరిగినప్పుడు రోజుల తరబడి కాగితం మీదే పని నడిచింది. బ్యాకప్ తీశామన్న మాటను నమ్మకండి. నెలకోసారి వేరే కంప్యూటర్లో దాన్ని తెరిచి, నిన్నటి చివరి బిల్లు నంబరు అందులో ఉందో లేదో చూడండి. నలుగురు నర్సులకు ఒకే పాస్‌వర్డ్ ఇస్తే రిజల్టు ఎవరు మార్చారో తేలదు, ఎవరిది వాళ్లకే ఇవ్వండి. ఇన్‌పేషెంటు రికార్డులు చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు ఉంచాలి. పేషెంటు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కాబట్టి కేస్‌షీటు మొత్తం ఒక్క మీటతో ప్రింటయ్యే ఏర్పాటు మొదటి వెర్షన్‌లోనే ఉండనివ్వండి.