గ్రూపు క్లాసా, విడిగా కౌన్సెలింగా?

ప్రశ్న: మేడమ్, మాది హనుమకొండ. మా బాబుకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. ఒక్కచోట కూర్చోడు. టీచర్ ప్రశ్న పూర్తిచేయకముందే జవాబు అరుస్తాడు, ఆటలో తన వంతు వచ్చేదాకా ఆగడు. డాక్టర్ ఏడీహెచ్‌డీ (ధ్యాస, నిలకడ కుదరని సమస్య) అని తేల్చారు. ఒక సెంటర్‌లో ప్రతి ఆదివారం ఏడెనిమిది మంది పిల్లలకు కలిపి సోషల్ స్కిల్స్ (తోటివాళ్లతో మెలిగే తీరు నేర్పే) క్లాసు పెడుతున్నారు. ఇంకోచోట వారానికోసారి బాబుతో విడిగా కౌన్సెలింగ్ చేస్తామంటున్నారు. రెండూ చేయించే స్తోమత లేదు. మా అత్తమ్మ "వాళ్ల నాయిన గూడ చిన్నప్పుడు గిట్లనే ఉండె, పెద్దగైతే సదురుకుంటడు" అంటుంది. ఈమధ్య వాణ్ని పుట్టినరోజులకు కూడా ఎవరూ పిలవడం లేదు. ఏది మంచిదో చెప్పండి.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఉన్న డబ్బు మొదట ఈ రెండింటిలో దేనికీ కట్టకండి. ముందు మీరూ మీ ఆయనా తల్లిదండ్రులకిచ్చే శిక్షణ తీసుకోండి, తర్వాత బాబు క్లాస్ టీచర్‌ను కలవండి.

ఎందుకంటే, మీ బాబును పక్కన కూర్చోబెట్టుకుని "వంతు రాకముందే స్ట్రైకర్ లాక్కోవచ్చా నాన్నా?" అని అడగండి. "తప్పు" అని ఠక్కున చెప్తాడు. సాయంత్రం క్యారమ్ బోర్డు ముందు కూర్చోగానే లాక్కుంటాడు. వాడికి తెలియక కాదు, పొగరూ కాదు. తెలిసిన పనిని ఆ క్షణంలో చేయలేకపోవడమే ఈ పిల్లల ఇబ్బంది. అందుకే మంగళవారం జరిగిన గొడవ గురించి శనివారం గదిలో కూర్చోబెట్టి మాట్లాడితే ఒరిగేది తక్కువ. ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టే. పైగా చప్పుడు లేని గది, తననే చూస్తూ ఒక పెద్దమనిషి ఉంటే చాలామంది ఏడీహెచ్‌డీ పిల్లలు ఎంతో బుద్ధిగా ఉంటారు. "మా దగ్గర బాగానే ఉన్నాడండీ" అని కౌన్సెలర్ అన్నప్పుడు తల్లులు అయోమయంలో పడేది ఇందుకే.

గ్రూపులో అసలు ఇబ్బంది కళ్లముందే కనబడుతుంది. నేనూ ఇలాంటి గ్రూపులు నడుపుతాను. అవతలి పిల్లాడు గురి చూస్తుంటాడు, మనవాడి వేళ్లు అప్పటికే బోర్డు అంచు దాటుతుంటాయి. ఆ వేళ్లు ఒక్క క్షణం ఆగాయా, "ఆగావు, శభాష్" అని వాడి డబ్బాలో ఆడుకునే గాజు గోలీ ఒకటి వేస్తాను. గొడవయ్యాక చెప్పే నీతులకంటే ఆ గోలీ ఎక్కువ పనిచేస్తుంది. కానీ మర్నాడు స్కూలు గ్రౌండులో గోలీ వేసేవాళ్లు ఉండరు కదా. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2019లో ఇలాంటి సోషల్ స్కిల్స్ శిక్షణ మీద జరిగిన 25 అధ్యయనాలను కలిపి చూసింది. పిల్లల తీరులో టీచర్లకు కనబడేంత, చెప్పుకోదగ్గ మార్పు తేలలేదు. గ్రూపు క్లాసు ఒక్కటే అన్నీ సరిచేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

మార్పు రావాల్సిన చోట, అంటే ఇంట్లో, క్లాసులో, వాడి పక్కన ఉండేది మీరూ టీచరే. శిక్షణలో నేర్పేవి వినడానికి చిన్న విషయాలే. ఒకసారికి ఒక్క పనే చెప్పడం, చేసిన మరుక్షణం మెచ్చుకోవడం, బెదిరించి వదిలేయకపోవడం. వీటిలో నాకు బాగా నమ్మకమున్నది రోజువారీ కార్డు. నోట్‌బుక్ కాగితం సగానికి చింపి రెండే పనులు రాయండి. "చేయెత్తి జవాబు చెప్పాడు", "క్లాసు పని పూర్తిచేశాడు". టీచర్ పీరియడ్ అయ్యాక టిక్ పెడితే చాలు, యాభై మంది ఉన్న క్లాసులోనూ కుదురుతుంది. సగం టిక్కులు వచ్చినా ఆ సాయంత్రమే బహుమతి ఇవ్వాలి. పావుగంట సైకిల్ తొక్కడమో, మీతో ఒక ఆట ఆడటమో. "పరీక్షల్లో ఫస్టొస్తే కొత్త సైకిల్" అనే మాట ఈ పిల్లలకు పనిచేయదు, అది వాళ్లకు అందనంత దూరం.

స్నేహితుల సంగతీ ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. క్లాసులో నెమ్మదస్తుడైన ఒక్క పిల్లాణ్ని ఆదివారం గంటసేపు పిలవండి. ఏం ఆడాలో ముందే అనుకోండి, కొట్లాట వచ్చే బొమ్మలు లోపల పెట్టేయండి, ఆట బాగా సాగుతుండగానే ముగించండి.

విడిగా కౌన్సెలింగ్ అసలు వద్దని కాదు. "నేను పనికిరాను" అంటున్నా, దిగులుగా ఉన్నా, భయంతో బడికి పోనంటున్నా అది తప్పక కావాలి. విడిగా చేసే శిక్షణలో మంచి ఫలితమిచ్చినదీ ఒకటుంది. 2013లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో మూడు నుంచి ఐదో తరగతి దాకా చదివే 158 మందిని తీసుకున్నారు. వస్తువులు సర్దుకోవడం, హోంవర్క్ రాసుకోవడం, టైం చూసుకోవడం చేతులతో చేయించి నేర్పితే పిల్లలు బాగుపడ్డారు. అక్కడ కూడా మాట్లాడించడం కాదు, బ్యాగు తెరిపించి సర్దించడం. మీ కౌన్సెలర్ అలా చేయిస్తారా అని అడగండి.

మీ అత్తమ్మ మాటలో సగం నిజముంది. ఏడీహెచ్‌డీ కుటుంబాల్లో బలంగా నడుస్తుంది. కానీ దానంతటదే సర్దుకుంటుందని కూర్చోవద్దు, చాలామందిలో పెద్దయ్యాకా మిగులుతుంది. మీ ఆయనకూ ఈ తీరు ఉంటే కార్డు గుర్తుపెట్టుకోవడం ఆయనకు కష్టమవుతుంది, ఆయన మీద కోప్పడకుండా గోడ మీద అంటించండి.

మందుల గురించి డాక్టర్‌ను తప్పక అడగండి. ఆరేళ్లు దాటిన పిల్లలకు మందులతోపాటు ఇంట్లో, బడిలో ఈ పద్ధతులు నడపమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2019లో సూచించింది. ఏ శిక్షణా మందుకు బదులు కాదు.

ఇవన్నీ రెండు మూడు నెలలు నడిపాక కూడా తోటిపిల్లలతో గొడవలు తగ్గకపోతే, అప్పుడు గ్రూపుకు పంపండి. డబ్బు కట్టేముందు మూడు సంగతులు తెలుసుకోండి. పిల్లలు దాదాపు ఒకే వయసువాళ్లా? ఏడెనిమిది మందికి పెద్దవాళ్లు కనీసం ఇద్దరుంటారా? ఆ వారం నేర్పింది మీకూ టీచర్‌కూ చెప్తారా? మూడోదానికి లేదంటే వద్దు. ఖర్చు భారమైతే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలో అడగండి. ఇంట్లో టెన్షన్ ఎక్కువైన రోజు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.