కింగ్ ఎయిర్‌లో కోపైలట్ గంటలు: ఏవి చెల్లుతాయి?

కోపైలట్‌గా ఎగిరిన మీ గంటలను ఇంటర్వ్యూలో ఎందుకు కొట్టివేశారని అడిగారు; కారణం బహుశా ఖాళీ ట్రిప్పులే. గుంటూరుకు సెలవుపై వచ్చి మీరు ఇక్కడ పెట్టిన లాగ్‌బుక్ పుటలో, ప్రయాణికులను దింపి ఒట్టిగా తిరిగివచ్చిన వరుసలోనూ ఎస్‌ఐసీ (సెకండ్ ఇన్ కమాండ్, అంటే కోపైలట్) గడి నిండి ఉంది. కింగ్ ఎయిర్ 200 ఒక్క పైలట్‌తో నడపడానికి ధ్రువీకరణ పొందిన విమానం కాబట్టి, అమెరికా నిబంధన 61.51 ప్రకారం, ఆ ప్రయాణానికి రెండో పైలట్‌ను నిబంధనలే కోరినప్పుడు మాత్రమే ఆ సమయం చెల్లుతుంది.

1. పార్ట్ 135 (అద్దె విమాన ప్రయాణాల నిబంధనలు) కింద, ప్రయాణికులతో, ఐఎఫ్‌ఆర్‌లో (పరికరాల ఆధారంగా ఎగిరే నియమాల కింద) సాగిన ట్రిప్పులు: నిబంధన 135.101 రెండో పైలట్‌ను కోరుతుంది. మీ 135.293 చెక్ (పైలట్ పరిజ్ఞాన, నైపుణ్య పరీక్ష) అప్పటికి పూర్తయి ఉంటే రాసుకోండి.

2. ఖాళీగా మళ్లినవి సాధారణంగా పార్ట్ 91 (మామూలు విమానయాన నిబంధనలు) కిందికి వస్తాయి. గన్నవరంలో దింపి ఒట్టిగా తిరిగే ట్యాక్సీకి మీటరు తిరగనట్టే, కుడి సీటుకు, అంటే కోపైలట్‌కు, లెక్క ఉండదు; ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అయితే మల్టీ ఇంజిన్ రేటింగ్ (ఒకటికి మించిన ఇంజిన్లున్న విమానం నడిపే అర్హత) ఉండి, కంట్రోల్స్ మీ ఒక్కరి చేతిలోనే ఉన్న నిమిషాలను పీఐసీ (పైలట్ ఇన్ కమాండ్, అంటే ప్రధాన పైలట్) గడిలో వేసుకోవచ్చు.

3. 2018లో వచ్చిన ఎస్‌ఐసీ శిక్షణ కార్యక్రమానికి మీ సంస్థ ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతి పొంది ఉంటే ఈ లెక్క మారుతుంది. లాగ్‌బుక్ దిద్దే ముందు చీఫ్ పైలట్‌ను అడగండి.