రాని నోటిఫికేషన్‌ను నమ్ముకుని మూడు రూపాయల మిత్తికా?

ప్రశ్న: నల్లగొండలో ఓ ప్రైవేటు స్కూల్లో పీఈటీగా (ఆటల టీచరుగా) చేస్తున్నాను. వయసు 31, బీపీఈడీ పూర్తయింది. జీతం 15,000. ఎండాకాలం సెలవులు రెండు నెలలు జీతం ఇవ్వరు. మా ఆవిడ బట్టలు కుట్టి నెలకు 6,000 దాకా తెస్తుంది. నాలుగేళ్ల పాప ఉంది. ఇంటి ఖర్చు 17,000. లక్ష రూపాయల చిట్టీకి నెలకు 4,000 కడుతున్నాను, 25 నెలల్లో 9 అయ్యాయి. బ్యాంకులో 22,000 ఉన్నాయి. ప్రభుత్వ టీచర్ పోస్టుల డీఎస్సీ నోటిఫికేషన్ త్వరలోనే పడుతుందని అందరూ అంటున్నారు. ఉద్యోగం మానేసి హైదరాబాద్‌లో ఆరు నెలలు కోచింగ్ తీసుకోవాలని ఉంది. తెలిసిన ఫైనాన్స్ ఆయన నూటికి మూడు రూపాయల మిత్తికి 1,20,000 ఇస్తానన్నాడు. జాబ్ రాగానే తీర్చేస్తాను. కోచింగ్‌కు 5,000 అడ్వాన్స్ కట్టాను. ఈ అప్పు తీసుకోవచ్చా, లేక చిట్టీ పాడుకోవడం మేలా?

జవాబు: అప్పు వద్దు, చిట్టీ పాడొద్దు, ఉద్యోగం మానొద్దు. నల్లగొండ, పాలమూరు వైపు నుంచి ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తుంటాయి. పరీక్ష పేరు మారుతుంది, అంతే. ‘జాబ్ రాగానే తీర్చేస్తా’ అనే మాట మాత్రం అన్నింట్లోనూ ఉంటుంది. రాని జీతం మీద అప్పు చేయడమే అసలు తప్పు. అందుకే వివరంగా రాస్తున్నాను.

‘త్వరలోనే’ అన్న మాటను ముందు చూద్దాం. 2017 అక్టోబరులో టీఆర్‌టీ పేరుతో టీచర్ పోస్టుల నోటిఫికేషన్ వచ్చింది. తర్వాతి డీఎస్సీ నోటిఫికేషన్ 2023 సెప్టెంబరులో వచ్చింది, 5,089 పోస్టులకు. ఎన్నికలు వచ్చాయని ఆ పరీక్ష వాయిదా పడింది, ఆ తర్వాత నోటిఫికేషనే రద్దయింది. 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో మళ్లీ ఇచ్చారు. గురుకులాల పీఈటీ పోస్టులకు 2017లో నోటిఫికేషన్ పడితే, ఆ నియామకాలు కోర్టు కేసుల్లో ఏళ్ల తరబడి నలిగాయి. 2023లో నోటిఫికేషన్ చూసి ఉద్యోగం మానేసి, మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చుకున్నవాళ్ల సంగతి ఒక్కసారి ఆలోచించండి.

ఇక పోస్టులు. 2024లో ఆ 11,062లో పీఈటీలు 182. 33 జిల్లాలకు పంచితే సగటున జిల్లాకు ఐదో ఆరో. రోస్టర్‌లో (రిజర్వేషన్ల వరుసలో) మీ వర్గానికి వచ్చేవి ఎన్నో మీరే చూసుకోండి. మిగతా టీచర్ పోస్టులకు టెట్ (టీచర్ అర్హత పరీక్ష) మార్కుల వెయిటేజీ ఉంటుంది, పీఈటీకి అదీ లేదు. వంద మార్కులూ ఆ ఒక్క రాతపరీక్షవే. ఆ రోజు జ్వరం వచ్చినా ఫైనాన్స్ ఆయన మిత్తి తగ్గించడు. మీరు చదవలేరని కాదు నేను అనేది. ఆ రిజల్టును తాకట్టు పెట్టి డబ్బు తేవొద్దంటున్నాను.

ఇప్పుడు మీరు రాయని లెక్క. కోచింగ్ 30,000, హాస్టల్, తిండి నెలకు 8,000 చొప్పున 48,000 అనుకుందాం. మీరు లేకపోతే ఇంటి ఖర్చు 15,000కు తగ్గుతుంది. మీ ఆవిడ 6,000 పోను 9,000 తక్కువ, చిట్టీ 4,000 కలిపితే నెలకు 13,000. ఆరు నెలలకు 78,000. మొత్తం 1,56,000. అప్పు మీద మిత్తి నెలకు 3,600, ఆరు నెలలకు 21,600. అన్నీ కలిపి 1,77,600. చేతికొచ్చే అప్పు 1,20,000, బ్యాంకులో 22,000. ఇంకా 35,600 ఎక్కడి నుంచి తెస్తారు? మళ్లీ ఫైనాన్స్ ఆయన దగ్గరికే వెళ్తారు, లేదంటే ఫోన్‌లో లోన్ యాప్ తెరుస్తారు. పరీక్ష ఏడాది ఆలస్యమైతే మిత్తి ఒక్కటే 43,200 అవుతుంది. మీకు దాదాపు మూడు నెలల జీతమంత! అసలు అలాగే ఉంటుంది.

ఇంతకంటే నన్ను భయపెట్టింది ఆ 22,000. మీ ఇంటి దగ్గర అత్యవసర నిధి అనేదే లేదు. పోయిన ఎండాకాలం ఎలా గడిచిందో మీరు రాయలేదు, కానీ ఊహించగలను. నెల ఖర్చు, చిట్టీ కలిపి 21,000. ఆవిడ సంపాదన తీసేస్తే 15,000. ఆరు నెలలకు 90,000 కదిలించకుండా బ్యాంకులో ఉండాలి. సెలవుల్లో రాని 30,000 దీంట్లోకి రాదు. అది ముందే తెలిసిన ఖర్చు, దానికి వేరే డబ్బు. మీ పనికి మీ ఒళ్లే పెట్టుబడి. కబడ్డీ ఆడిస్తుంటే మోకాలి లిగమెంట్ తెగితే మూడు నెలలు గ్రౌండ్‌లోకి దిగలేరు. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలే కావచ్చు, ఆ మూడు నెలల జీతం అది ఇవ్వదు. పాప ఫీజు కూడా ఆగదు.

ఈ నిధి ఎక్కడి నుంచి వస్తుంది? చిట్టీ నుంచే. పాడకుండా చివరిదాకా కట్టండి, లక్ష దాదాపు మొత్తంగా చేతికొస్తుంది. అందులో 68,000 ఇప్పుడున్న 22,000కు కలిపితే 90,000. మిగిలిన 32,000 ఎండాకాలానికి. ఇది తేలడానికి పదహారు నెలలు పడుతుంది, దగ్గరి దారి లేదు. చిట్టీ రిజిస్టరైందో లేదో ఈలోగా చూసుకోండి.

మరి చదువు? మీరు రోజూ ఉండేది సిలబస్‌లోనే. 400 మీటర్ల ట్రాక్ స్టాగర్ (లేన్లకు స్టార్టింగ్ తేడా), కోర్టు కొలతలు, ఆటల రూల్స్ పిల్లలకు చెబుతూనే గట్టిపడతాయి. అనాటమీ, సైకాలజీకి ఆన్‌లైన్ క్లాసులు, సాయంత్రం జిల్లా గ్రంథాలయం చాలు. 2024లో నోటిఫికేషన్ నుంచి పరీక్షలు మొదలయ్యేదాకా నాలుగున్నర నెలలు దొరికాయి, మధ్యలో ఎండాకాలం సెలవులు కూడా వచ్చాయి. ఈసారి కూడా తేదీలు ఖాయమయ్యాకే సెలవు అడగండి. నిధి ఉంటే జీతం నష్టపోయి సెలవు పెట్టినా ఇల్లు నడుస్తుంది. వయసు గురించి తొందర పడకండి, 2024లో గరిష్ఠ వయసు 46.

కానిస్టేబుల్ ఉద్యోగాల సీజన్ వస్తే 1600 మీటర్ల పరుగు నేర్పేవాళ్ల కోసం ఎన్జీ కాలేజీ గ్రౌండ్ చుట్టూ తిరిగే కుర్రాళ్లుంటారు. పొద్దున రెండు గంటలు వాళ్లకు ట్రైనింగ్ ఇవ్వండి. వచ్చిన ప్రతి రూపాయి నిధిలోకే.

బీమాకు రెండు సంతకాలు: ఏడాదికి 436 రూపాయల జీవనజ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్ష (ప్రమాద బీమా), ఈ వారమే బ్యాంకులో. గోల్డ్ లోన్ మూడు రూపాయల మిత్తి కంటే నయమే, కానీ అదీ ఆసుపత్రి ఖర్చుకే, కోచింగ్‌కు కాదు.

కోచింగ్ అడ్వాన్స్ తిరిగి అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి. 5,000 పోతాయని లక్షా ఇరవై వేలు నెత్తిన వేసుకోకండి. ఫైనాన్స్ ఆయనకు మాత్రం ఇవాళే ఫోన్ చేసి డబ్బు అక్కర్లేదని చెప్పేయండి, ఆయన కాగితాలు పట్టుకుని మీ ఇంటికి వచ్చేలోపే.