సీజన్ అంచనా చేతికొచ్చాక

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

తీరంలో తుపాను షెల్టర్ల బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. సీజన్‌లో ఎన్ని తుపాన్లు పుడతాయో చెప్పే అంచనాలు ఎలా చదవాలని అడిగావు కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ఎల్‌నినో సంగతి చూడు. పసిఫిక్ మధ్య, తూర్పు భాగాల్లో భూమధ్యరేఖ దగ్గరి నీరు సగటు కన్నా కనీసం అర డిగ్రీ వేడెక్కి, నెలల తరబడి అలాగే ఉంటే అది ఎల్‌నినో. చల్లబడితే లానినా. అక్కడి నీళ్లు వేడెక్కితే ఎక్కడో ఉన్న అట్లాంటిక్‌లో తుపాన్లు ఎందుకు తగ్గుతాయి? గాలి వల్ల. గాలి కదలని గదిలో పొగ నిటారుగా లేస్తుంది, ఫ్యాన్ వెయ్యగానే వంగి చెదిరిపోతుంది. ఎల్‌నినో ఏడాది అట్లాంటిక్ మీద పైఎత్తు గాలులు బలపడి, పైకి లేస్తున్న తుపానుని అలాగే చెదరగొడతాయి. తూర్పు పసిఫిక్‌లో మాత్రం అదే ఏడాది తుపాన్లు పెరుగుతాయి. అందుకని ‘తక్కువ’ అన్న మాట కనబడితే, ఏ సముద్రం గురించో చూసుకో.

ఇదీ ప్రతిసారీ జరగదు. 2023లో ఎల్‌నినో ఉన్నా అట్లాంటిక్ నీరే విపరీతంగా వేడెక్కడంతో 20 తుపాన్లు పుట్టాయి. అక్కడ సగటు 14. మార్చి నుంచి మే వరకు వచ్చే ఎల్‌నినో అంచనాల్ని మరీ గట్టిగా నమ్మకు, ఆ నెలల్లో అవి తరచూ మారిపోతాయి. ఆగస్టులో సవరించిన అంచనా మళ్లీ చదువు.

అన్నిటికన్నా నాకు భయం వేసేది అంచనాలో సంఖ్య తక్కువగా ఉందని ధైర్యపడటం. 1992లో అట్లాంటిక్‌లో పేరు పెట్టిన తుపాన్లు ఆరే. వాటిలో మొదటిది ఆండ్రూ. ఆగస్టు 24న దక్షిణ ఫ్లోరిడాని నేలమట్టం చేసింది. ఎన్ని పుడతాయో అంచనా చెబుతుంది, నీ తీరానికి ఏది వస్తుందో చెప్పదు.

ఒక ఏడాది ‘ఈసారి తక్కువే’ అన్న ఒక్క లైన్ చదివి నేను షెల్టర్ జనరేటర్‌ని నడిపి చూడలేదు. తుపాను రాత్రి అది స్టార్ట్ కాలేదు. చీకట్లో పిల్లలు ఏడుస్తుంటే టార్చి పట్టుకుని తెల్లవార్లూ నిలబడ్డాను. ఆ ఏడుపులు ఇప్పటికీ గుర్తొస్తాయి.

సీజన్ మొదలవకముందే నీ జనరేటర్‌ని లైట్లన్నీ వేసి ఒక గంట నడిపించు. ఎలా నడిచిందో ఆ సాయంత్రమే నాకు ఫోన్ చెయ్యి.

నీ మావయ్య