ఐస్ వేసిన నీళ్ళ ఫైనల్ టెంపరేచర్ మైనస్‌లో వస్తోంది, తప్పెక్కడ?

మైనస్ 10 డిగ్రీల ఐస్ 100 గ్రాములు, 30 డిగ్రీల నీళ్ళు 200 గ్రాములు, కలిపితే చివరికి ఎంత అనేగా మీ లెక్క. మైనస్ 8.3 వచ్చిందన్నారు. గుణకారాల్లో తప్పేం లేదండీ, నాకూ ఫస్టియర్‌లో అచ్చం ఇలాంటిదే వచ్చింది, కాలిక్యులేటర్ పాడైందేమో అనుకుని మూడుసార్లు కొట్టి చూసి, అప్పటికీ అదే వస్తే సరే అని ఆన్సర్ కింద రెండు గీతలు కూడా గీసేశా. మైనస్ 8 దగ్గర నీళ్ళు నీళ్ళలా ఎలా ఉంటాయని మాత్రం తట్టలేదు.

అసలు సంగతేంటంటే, ఈక్వేషన్ రాసేటప్పుడే ఐస్ మొత్తం కరిగిపోయిందని మనం ఒప్పేసుకుంటున్నాం. కరుగుతుందో లేదో ముందు చూడాలి కదా. అందుకే నేనిప్పుడు ఈక్వేషన్ జోలికి పోకుండా ముందు జమాఖర్చు రాస్తా. నీళ్ళు 30 నుంచి సున్నాకి దిగితే ఇవ్వగలిగేది 200 × 4.18 × 30 (4.18 అంటే ఒక గ్రాము నీళ్ళు ఒక డిగ్రీ మారడానికి పట్టే జౌల్స్, ఐస్‌కైతే 2.1), అంటే 25,080 జౌల్స్, అదీ జమ. ఇక ఖర్చు, ఐస్ మైనస్ 10 నుంచి సున్నాకి రావడానికి 100 × 2.1 × 10 = 2,100, ఆ తర్వాత కరగడానికి గ్రాముకి 334 చొప్పున 100 × 334 = 33,400. చాల్లేదు చూశారా! 2,100 పోగా మిగిలిన 22,980ని 334తో భాగిస్తే దాదాపు 69 గ్రాములు, అంతే కరుగుతుంది, తక్కిన 31 గ్రాముల ఐస్ అలాగే తేలుతుంటుంది. ఫైనల్ టెంపరేచర్ సున్నా. (గిన్నెకీ గాలికీ వేడి పోలేదనుకుంటేనే లెండి.)

ఈ 334 చిన్న నంబర్‌లా కనిపిస్తుంది గానీ ఒక గ్రాము ఐస్‌ని కరిగించే వేడితో ఒక గ్రాము నీళ్ళని సున్నా నుంచి దాదాపు 80 డిగ్రీల దాకా తీసుకెళ్ళొచ్చు. నాకు లేటెంట్ హీట్ (టెంపరేచర్ పెరగకుండా కరగడానికే పట్టే వేడి) బుర్రకెక్కింది ఈ పోలికతోనే, డెఫినిషన్ ఎన్నిసార్లు బట్టీ పట్టినా ఎక్కలేదు.

ప్లస్సులు మైనస్సులతో తికమకగా ఉంటే కొన్నాళ్ళు వాటిని పక్కన పెట్టేయండి, ఇచ్చేది ఒకవైపు, పుచ్చుకునేది ఒకవైపు రాసి రెండుచోట్లా పెద్ద టెంపరేచర్‌లోంచి చిన్నది తీసేస్తే సరిపోతుంది. కెల్విన్‌లోకి మార్చాలా అని కూడా అడిగారు, ఇక్కడ వాడేది తేడా కాబట్టి అక్కర్లేదు, 30 డిగ్రీల తేడా కెల్విన్‌లో కూడా 30యే. నేను ఆ తేడాకే 273 కలిపేసి 303 అని వేసిన రోజులున్నాయి. రేడియేషన్ లెక్కల్లో మాత్రం కెల్విన్ తప్పదు, అక్కడ టెంపరేచర్‌కి నాలుగో ఘాతం ఉంటుంది.

ఇదే లెక్క ఐస్ 50 గ్రాములే అనుకుని చేసి చూడండి, ఈసారి మొత్తం కరుగుతుంది, 7 డిగ్రీలు రావాలి. 23 వచ్చిందంటే 334 వెయ్యడం మర్చిపోయినట్టే.