కారు దారి పక్కన ప్లాస్టిక్ గడ్డి అంచు లేస్తే, గమ్ము కొనే ముందు దాని కింద చూడండి

గేటు నుంచి పోర్టికో దాకా కారు దారి వెంట వేయించిన ప్లాస్టిక్ గడ్డి అంచు రెండేళ్లకే లేచి చుట్టుకుపోతోందని, మళ్లీ గమ్ము పెడితే ఆగుతుందా, గడ్డి మొత్తం మార్చాలా అని అడిగారు. మార్చక్కర్లేదండి. కానీ ఒక్క గమ్ముతో మాత్రం ఆగదు. నేను రెండుసార్లు పెట్టి చూసి చెబుతున్నాను.

మాది హైదరాబాద్ బోడుప్పల్‌లో ఇల్లు. గడ్డి పట్టీ 22 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. ఒకవైపు పార్కింగ్ టైల్స్, ఇంకోవైపు కాంపౌండ్ గోడ. వేసినవాళ్లు టైల్స్ పక్క అంచును ఫోమ్, రెక్సిన్ అతికించే పసుపుపచ్చ రబ్బరు గమ్ముతో సిమెంటుకు అంటించి వెళ్లారు. మొదటి మే నెలకే ఊడింది. ఈ గడ్డి ఎండకు సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. మధ్యాహ్నం చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం, 60 డిగ్రీలు దాటడం దానికి మామూలే. ఆ వేడికి ఆ గమ్ము మెత్తబడిపోతుంది.

రెండోసారి మంచి పాలీయురిథేన్ గమ్ము తెప్పించి నేనే పెట్టాను. ఈసారి గమ్ము ఊడలేదు, గడ్డి అడుగున ఉండే నల్లటి పొరే చిరిగింది! కారు టైరు టైల్ అంచు దిగినప్పుడల్లా గడ్డి కింద ఖాళీలోకి కుంగుతోంది, అంచు మాత్రం సిమెంటును పట్టుకునే ఉంది. ఇక చిరగక ఏం చేస్తుంది?

ఆ ఖాళీ ఎలా వచ్చిందో జులైలో ఒక పెద్ద వాన పడ్డప్పుడు తెలిసింది. డాబా మీది నీళ్లు దిగే పైపు సరిగ్గా ఆ మూలనే పడుతోంది. నీళ్లు గడ్డి కిందికి దూరి, బూడిద రంగులో గేటు వైపు పారుతున్నాయి. ఆ రంగు మేం గడ్డి కింద పోయించిన రాతి డస్ట్‌ది. అంటే ప్రతి వానకూ మా నేల కొంత కొంత రోడ్డు మీదికి పోతోందన్నమాట. అందుకే ముందు ప్లంబర్‌ని పిలిచి ఆ పైపుకు బెండు వేయించి ఇంకుడు గుంత వైపు మళ్లించాను. నా దృష్టిలో అసలు రిపేరు అదే. మీ ఇంట్లో పైపు కాకపోతే కారు కడిగే నీళ్లు కావచ్చు. రెండు బకెట్ల నీళ్లు టైల్స్ మీద పోసి ఎటు పోతాయో చూడండి.

తర్వాత వాన లేని మూడు రోజులు చూసుకుని పని పెట్టుకున్నాం. టైల్స్ వైపు గడ్డిని అడుగున్నర వెనక్కి మడిచి, పాత గమ్ము గీకేసి, వదులైన మట్టి తీసేశాం. ఎనిమిది తట్టల రాతి డస్ట్ పట్టింది. ఒకేసారి పోసేయకండి. రెండంగుళాలు పోసి, కాస్త తడిపి, దిమ్మిసతో బాగా కొట్టి, ఆ పైన మళ్లీ పోయాలి. మడమతో గట్టిగా నొక్కితే గుంట పడకూడదు.

అంచును పట్టి ఉంచడానికి డబ్ల్యూపీసీ పలకను, అంటే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేదాన్ని, మూడంగుళాల పట్టీలుగా కోయించాను. చెక్క వద్దు, చెదలు పడతాయి. ఆ పట్టీలను టైల్ పక్కనే డస్ట్‌లో కూర్చోబెట్టి, లెవెల్ చూసి, కిందికి ఇనుప మేకులు దింపి బిగించాం. ఎత్తు విషయంలో తొందరపడకండి. గడ్డి అడుగుభాగం టైల్ పై అంచుకన్నా ముప్పావు అంగుళం కిందే ఉండాలి. అప్పుడు టైరు బరువు టైల్ మీదే పడుతుంది, పోచల కొసలు మాత్రం టైల్‌ని దాటి పైకి కనిపిస్తాయి. మా పాత పనిలో రెండూ ఒకే ఎత్తులో ఉండేవి.

గడ్డిని రెండు గంటలు ఎండలో పరిచి ఉంచితే మడతలు పోతాయి. తర్వాత లాగి పట్టుకుని, టైల్‌కి పావు అంగుళం ఎడం వదిలి, వెనక వైపు నుంచి కుట్టు వరసల మధ్యగా బ్లేడుతో కోయాలి. పై నుంచి కోస్తే పోచలు తెగిపోతాయి. ఆరంగుళాలకొక స్టీలు స్క్రూ, వాషర్‌తో పలకలోకి బిగించాం. పోచలను వేళ్లతో పక్కకు తప్పించి బిగిస్తే తల కనిపించదు. కారు తిరిగే వైపు గడ్డి మీది నుంచి నేరుగా మట్టిలోకి మేకులు మాత్రం కొట్టకండి. వదులై పైకి లేస్తే టైరుకు దిగుతాయి. గోడ వైపు టైరు రాదు కాబట్టి అక్కడ ఐదంగుళాల జీఐ (జింక్ పూత ఉన్న ఇనుప) మేకులు వాడాం.

చిరిగిన చోట రెండడుగుల ముక్క మార్చాల్సి వచ్చింది. కొత్త ముక్క కొంటే రంగు కలవదు, ఎండకు పాతది వెలిసిపోయి ఉంటుంది. అందుకని తులసికోట వెనక, ఎవరికీ కనబడని చోటు నుంచి కోసి తెచ్చాను. పోచలు వాలే దిక్కు రెండు ముక్కలకూ ఒకటే ఉండాలి. ఇక్కడ మాత్రం గమ్ము అవసరం. కింద జాయింట్ టేపు పరిచి, దాని మీద పాలీయురిథేన్ గమ్ము రాసి, రెండంచులూ ఆనించి, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా నొక్కి, ఒక రాత్రంతా ఇటుకలు పెట్టి ఉంచాం.

ఆఖరున ఇసుక. మొత్తం పట్టీకి 40 కిలోల దాకా పొడి సిలికా ఇసుక, స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్లలో వాడేలాంటిది, పలచగా చల్లుతూ గట్టి చీపురుతో పోచల వాలుకు ఎదురుగా ఊడ్చాను. దాని బరువే గడ్డిని నేలకు అదిమి పెడుతుంది. మట్టి కలిసిన ఇసుక వేస్తే నీళ్లు దిగే రంధ్రాలు పూడుకుపోతాయి, కలుపు మొలుస్తుంది.

ఇప్పటికి రెండు వానాకాలాలు గడిచాయి, అంచు కదల్లేదు. మీ దగ్గర అంచు లేవడమే కాకుండా పోచలు కరిగి ముద్ద కట్టినట్టు కనిపిస్తే మాత్రం ఎదురుగా ఉన్న కిటికీ అద్దం మీద ఎండ పడి అక్కడికి కొడుతోందేమో చూడండి. అదైతే ఈ పనంతా చేసినా లాభం లేదు, ముందు ఆ కిటికీకి బయట మెష్ వేయించాలి. ఫొటో పెడితే చూసి చెబుతాను.